ఉత్తరం తగ్గింది, బాధ్యత తగ్గలేదు

డెన్మార్క్ తపాలా సంస్థ పోస్ట్‌నార్డ్ 2025 డిసెంబరు 30న తన చివరి ఉత్తరాన్ని బట్వాడా చేసి ఆ పని మానుకుంది. 1624లో రాజు నాలుగో క్రిస్టియన్ మొదలుపెట్టిన సేవ అది. నాలుగు వందల ఏళ్లు నడిచింది. ఇక మీదట ఆ సంస్థ చూసుకునేది పార్సిళ్ల సంగతే. వీధుల్లో మిగిలిన 1,500 ఎర్రటి పోస్టు డబ్బాలను జూన్ నుంచే తీసేస్తూ వచ్చారు. దాదాపు అన్నే ఉద్యోగాలు కూడా పోయాయి. తీసేసిన డబ్బాల్లో వెయ్యింటిని అమ్మకానికి పెడితే కొద్ది గంటల్లోనే జనం కొనేశారు. పోస్టు డబ్బా మీద మమకారం ఉంది గానీ అందులో వేయడానికి ఉత్తరాలు లేవు. 2000 సంవత్సరంతో పోలిస్తే అక్కడ ఉత్తరాలు తొంభై శాతానికి పైగా తగ్గిపోయాయి.

చేతిలో ఫోను ఉన్నాక ఉత్తరం ఎవరు రాస్తారు అని మనం సులువుగా అనేస్తాం. అది సగం నిజం. మిగతా సగం ప్రభుత్వ నిర్ణయాల్లో ఉంది. డెన్మార్క్ 2014 నుంచి పౌరులకు ప్రభుత్వం పంపే కాగితాలన్నింటినీ డిజిటల్ పెట్టెలోకి మళ్లించింది. అది తప్పనిసరి. వీలుకాని వాళ్లు మినహాయింపు కోరుకోవాలి. 2024లో కొత్త తపాలా చట్టం తెచ్చి ఉత్తరాల మార్కెట్‌ను ప్రైవేటు సంస్థలకు తెరిచింది, ఉత్తరాలకున్న వ్యాట్ మినహాయింపును ఎత్తేసింది. దాంతో మామూలు ఉత్తరం పంపాలంటే 29 క్రోనర్లు పెట్టాల్సి వచ్చింది. మన లెక్కలో మూడు వందల రూపాయలు దాటిన మాట. ఆ ధర చూసి రాసే కొద్దిమందీ మానేశారు. సాంకేతికత మొదలుపెట్టిన పనిని విధానం పూర్తి చేసింది.

అయితే డెన్మార్క్ ఒక పని మాత్రం చేయలేదు. ఉత్తరం పంపుకునే వీలు పౌరుడికి ఉండి తీరాలన్న సూత్రాన్ని చట్టంలోంచి తీసేయలేదు. పోస్ట్‌నార్డ్ వదిలేసిన పనిని డావో అనే ప్రైవేటు సంస్థ చేపట్టింది. రేపు అదీ మానేస్తే ప్రభుత్వం ఇంకొకరిని చూడాల్సిందే. ధర ఎక్కువైనా, డబ్బా దూరమైనా, హక్కు మిగిలింది. మన దేశంలో ఉత్తరం గురించి మాట్లాడుకునేటప్పుడు నన్ను పట్టి ఆపేది ఈ ఒక్క తేడాయే. మన ఊళ్లలో పోస్టాఫీసులున్నాయి, డాక్ సేవకులున్నారు, డెన్మార్క్‌తో పోల్చలేనంత పెద్ద వ్యవస్థ ఉంది. అది ఏం చేసి తీరాలో చెప్పే చట్టం మాత్రం లేదు.

మన దగ్గర ఉత్తరం ఒక్కరోజులో తగ్గలేదు, ఒకే కారణంతోనూ తగ్గలేదు. మనిషి మనిషికి రాసుకునే జాబును ఇంటర్నెట్ చంపిందనే మాట సరికాదు. ఇంటర్నెట్ ఊళ్లకు చేరేసరికే ఆ జాబు సన్నగిల్లిపోయింది. 1980ల చివరి నుంచి పసుపు బోర్డుల ఎస్టీడీ బూత్‌లు మండల కేంద్రాల దాకా వచ్చాయి. రాత్రి వేళ రేటు తగ్గాక బూత్ ముందు వరుసలో నిలబడ్డ తరం ఇంకా మన మధ్యే ఉంది. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లలో చదువురాని వాళ్లు చాలామంది. ఉత్తరం రాయాలన్నా, వచ్చిన ఉత్తరం చదివించుకోవాలన్నా ఇంకొకరి దయ కావాలి. భార్యకు చెప్పాల్సిన మాట పక్కింటి కుర్రాడి నోట వినాల్సి వచ్చేది. వాళ్లు క్యాసెట్లలో మాటలు రికార్డు చేసి, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపుకున్నారు. తర్వాత సెల్‌ఫోన్ వచ్చింది. ఆ తల్లికి, ఆ భార్యకు వాయిస్ మెసేజ్ ఇచ్చిన స్వేచ్ఛ కార్డు ముక్క ఎన్నడూ ఇవ్వలేదు. కాబట్టి ఉత్తరం పోయిందని అందరి తరఫునా విచారించే అర్హత చదువుకున్న వాళ్లకు లేదు.

2013 జూలైలో టెలిగ్రాఫ్ సేవ ఆగిపోయినప్పుడు చివరి రోజు జనం గుర్తుగా తంతులు ఇచ్చుకున్నారు. ఆ తర్వాత ఎవరికీ దాని అవసరం పడలేదు. తంతి చేసే పని మొత్తాన్నీ ఫోను చేసేసింది. ఉత్తరం సంగతి అలా కాదు. అది చేసే పనులు చాలా ఉన్నాయి, వాటిలో కొన్నింటిని ఫోను తీసుకుంది, కొన్నింటిని తీసుకోలేదు.

క్షేమ సమాచారాల జాబులు ముందు పోయాయి. ఆ తర్వాత వ్యాపార ఉత్తరాలు తగ్గాయి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫోను బిల్లులు, బీమా ప్రీమియం నోటీసులు, కంపెనీల వార్షిక నివేదికలు ఒక్కొక్కటే ఈమెయిలుకు, ఎస్సెమ్మెస్‌కు మారాయి. తపాలా ఆదాయాన్ని నిజంగా దెబ్బతీసింది ఈ మార్పే. ఒక్కో సంస్థ వేల కొద్దీ కవర్లు ఒకేసారి తెచ్చి పోస్టాఫీసులో ఇచ్చేది. ఇంట్లో కూర్చుని రాసే జాబుల ఖర్చు కూడా ఆ ఆదాయంతోనే గట్టెక్కేది. ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో ఫస్ట్ క్లాస్ ఉత్తరాలు 2001లో పదివేల కోట్లు దాటి శిఖరానికి చేరాయి. ఇప్పుడు అందులో సగం కూడా లేవు. బ్రిటన్‌లో 2004-05 నాటికి రెండు వేల కోట్లున్న ఉత్తరాలు మూడో వంతుకు వచ్చాయి.

ఉత్తరాలు తగ్గినంత మాత్రాన ఖర్చు అంతగా తగ్గదు. ఇక్కడే చిక్కంతా. పోస్ట్‌మాన్ సంచిలో వంద ఉత్తరాలున్నా పది ఉన్నా తిరగాల్సిన వీధులు అవే. మెయిల్ వ్యాను బయలుదేరాల్సిందే, సార్టింగ్ జరగాల్సిందే, సబ్ ఆఫీసు నుంచి బ్రాంచి ఆఫీసుకు సంచి వెళ్లాల్సిందే. భారమంతా మిగిలిన కొద్ది ఉత్తరాల మీద పడుతుంది. 2016-17లో ఒక పోస్టుకార్డును చేరవేయడానికి సగటున పన్నెండు రూపాయల పైచిలుకు ఖర్చయిందని తపాలా శాఖే లెక్క చెప్పింది. దాని మీద వచ్చేది అర్ధ రూపాయి. ధర పెంచితే ఉన్నవాళ్లూ మానేస్తారు, పెంచకపోతే నష్టం పెరుగుతుంది. అన్ని దేశాల తపాలా సంస్థలూ ఈ ఇరకాటంలోనే ఉన్నాయి. పోస్టుకార్డు ధర అర్ధ రూపాయి దగ్గరే ఆగిపోవడాన్ని గొప్పగా చెప్పుకోనక్కర్లేదు. రెండు రూపాయలు చేసినా పేదవాడికి అది భారం కాదు. అసలు ప్రశ్న కార్డు ధర దగ్గర లేదు.

అసలు ప్రశ్న మూడో రకం ఉత్తరం దగ్గర ఉంది. అది ప్రభుత్వానికీ పౌరుడికీ మధ్య, చట్టానికీ మనిషికీ మధ్య నడిచే ఉత్తరం. కోర్టు సమన్లు, చెల్లని చెక్కు మీద ఇచ్చే నోటీసు, అద్దె ఇల్లు ఖాళీ చేయమనే నోటీసు, ఆస్తి వేలం వేస్తామని బ్యాంకు పంపే తాఖీదు, పాస్‌పోర్టు, పాన్ కార్డు. తెలంగాణలో ధరణి భూ రికార్డుల పోర్టల్ వచ్చాక కొత్త పట్టాదారు పాసుపుస్తకాలు రైతుల ఇళ్లకు పోస్టులోనే వచ్చాయి. రికార్డు అంతా కంప్యూటర్‌లో ఉన్నా, నా భూమి నాదే అని రైతు నమ్మింది ఆ పుస్తకం చేతికి అందినప్పుడే. ఈ ఉత్తరాలు రాశిలో తక్కువ. ఒక్కొక్కటి ఒక జీవితాన్ని తారుమారు చేయగలది.

ఇలాంటి ఉత్తరాలకు మన చట్టాలు ప్రత్యేక స్థానమిచ్చాయి. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం సరైన చిరునామాకు, సరిపడా స్టాంపులతో రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసు మామూలుగా అందాల్సిన సమయానికి అందినట్టే లెక్క. అందలేదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత అవతలి మనిషిది. వకీళ్ల ఆఫీసుల్లో ఆ చిన్న రసీదును, సంతకంతో తిరిగొచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ కార్డును ఫైలులో భద్రంగా కుట్టి పెట్టేది అందుకే. వాట్సాప్‌లో రెండు నీలం టిక్కులను కొన్ని కోర్టులు కొన్ని సందర్భాల్లో ఒప్పుకున్నా, ఆ ఫోను ఎవరి చేతిలో ఉంది, ఆ నంబరు ఇంకా ఆయనదేనా అన్న వాదన వెంటనే లేస్తుంది. మన పేదల ఇళ్లలో ఫోను నంబర్లు ఎంత తరచుగా మారతాయో, ఒకే ఫోను మీద ఎంతమంది ఆధారపడతారో తెలిసినవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోరు.

పౌరుడి వైపు నుంచి ప్రభుత్వానికి, కోర్టుకు వెళ్లే ఉత్తరం ఇంకా ముఖ్యమైనది. మన దేశంలో ప్రజాప్రయోజన వ్యాజ్యాలకు ఊపిరి పోసింది ఉత్తరాలే. తీహార్ జైల్లో తోటి ఖైదీని వార్డరు హింసించాడని సునీల్ బాత్రా అనే ఖైదీ సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఉత్తరం రాస్తే కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. ఫరీదాబాద్ దగ్గరి రాతి క్వారీల్లో వెట్టిచాకిరీ చేస్తున్న కూలీల గురించి బంధువా ముక్తి మోర్చా రాసిన ఉత్తరాన్ని జస్టిస్ భగవతి అలాగే స్వీకరించారు. వకీలు లేడు, ఫీజు లేదు, స్టాంపు కాగితం లేదు. కవరు మీద చిరునామా ఉంటే చాలింది. ఇవాళ ఫిర్యాదు చేయాలంటే పోర్టల్‌లో లాగిన్ అవ్వాలి, ఫోనుకు వచ్చే ఓటీపీ కొట్టాలి, మెనూలో ఉన్న విభాగాల్లో మన బాధ ఏ విభాగం కిందికి వస్తుందో వెతుక్కోవాలి. వెళ్లబోసుకోవాల్సిన బాధ ఆ మెనూలో లేకపోతే ఫిర్యాదు లేనట్టే. తెల్ల కాగితానికి విభాగాలు లేవు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి ఢిల్లీ దాకా ప్రశ్న పంపే వీలు మారుమూల మనిషికి ఇంకా ఉంది. అది ఎంత బలమైన సాధనమో దాన్ని వాడిన కార్యకర్తలకూ, జవాబు చెప్పలేక ఇబ్బంది పడ్డ ఆఫీసర్లకూ బాగా తెలుసు.

ఈ నేపథ్యంలో 2025లో జరిగిన మార్పును చూడాలి. రిజిస్టర్డ్ పోస్టును విడి సేవగా ఎత్తేసి స్పీడ్ పోస్టులో కలిపేశారు. 1986లో ప్రైవేటు కొరియర్లకు పోటీగా మొదలైన సేవ స్పీడ్ పోస్టు. వేగం కావాల్సినవాడు ఎక్కువ డబ్బు పెట్టి వాడుకునేది. రిజిస్టర్డ్ పోస్టుకు వేగంతో పని లేదు. దానికి కావాల్సింది నమ్మకం, రసీదు, సంతకం. రెండూ వేర్వేరు అవసరాలు. కలపడానికి చెప్పిన కారణాల్లో ఒకటి వాడకం తగ్గిందని. 2011-12లో 24 కోట్ల 44 లక్షలున్న రిజిస్టర్డ్ ఉత్తరాలు 2019-20 నాటికి 18 కోట్ల 46 లక్షలకు దిగాయి. అంటే ఎనిమిదేళ్లలో నాలుగో వంతు తగ్గాయి. నేను ఈ అంకెను ఇంకోలా చదువుతాను. స్మార్ట్‌ఫోన్ ఊరూరా చేరిన ఆ ఎనిమిదేళ్లు గడిచాక కూడా ఏడాదికి 18 కోట్లసార్లు ఈ దేశంలో ఎవరో ఒకరు వరుసలో నిలబడి ఒక కాగితానికి రసీదు తీసుకున్నారు. ఇది చచ్చిపోతున్న సేవ లక్షణం కాదు. తప్పనిసరి అవసరం లక్షణం.

కలిపేశాక రిజిస్ట్రేషన్ సౌకర్యం పోలేదు. స్పీడ్ పోస్టు మీద అదనపు సేవగా మిగిలింది. ధర మాత్రం మారింది. అంతకుముందు రిజిస్టర్డ్ ఉత్తరం పన్నుతో కలిపి 25 రూపాయల 96 పైసలతో మొదలయ్యేది. 2025 అక్టోబరు నుంచి ఊరు దాటి వెళ్లే 50 గ్రాముల లోపు స్పీడ్ పోస్టుకు 47 రూపాయలు, రిజిస్ట్రేషన్‌కు మరో 5, ఆ పైన పన్ను. కంపెనీకి ఇది లెక్కలోది కాదు. పింఛను ఆగిపోయిందని కలెక్టరుకూ, డైరెక్టరుకూ, మంత్రికీ మూడు అర్జీలు రిజిస్టర్ చేసి పంపే వితంతువుకు అది ఒక రోజు కూలిలో పెద్ద భాగం. శాఖ ఆర్థిక పరిస్థితి దృష్ట్యా ధర పెంచక తప్పదంటే అర్థం చేసుకోవచ్చు. కానీ పౌరుడు ప్రభుత్వ కార్యాలయానికి రాసే రిజిస్టర్డ్ అర్జీకైనా పాత ధర ఉంచి, ఆ తేడాను బడ్జెట్ నుంచి బహిరంగంగా భరించి ఉండవచ్చు. దానికయ్యే ఖర్చు ఏటా పార్లమెంటు ముందు పెట్టవచ్చు.

పుస్తకాల విషయంలో జరిగింది ఇంకా బాధ కలిగిస్తుంది. 2024 డిసెంబరు 18న రాయితీ రిజిస్టర్డ్ బుక్ పోస్టును ముందస్తు చర్చ ఏమీ లేకుండా ఆపేశారు. తెలుగులో పుస్తకాల దుకాణం ఉన్న ఊళ్లు చాలా తక్కువ. హైదరాబాద్, విజయవాడ దాటితే జిల్లా కేంద్రాల్లో కూడా సాహిత్య పుస్తకం కొనుక్కునే చోటు దొరకడం కష్టం. చిన్న ప్రచురణకర్త, సొంత డబ్బుతో పుస్తకం వేసుకున్న కవి, ఏళ్ల తరబడి చందాదారుల మీదే నడిచే చిన్న పత్రిక, వీళ్లందరికీ పోస్టే దుకాణం. తర్వాత 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అనే కొత్త సేవ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అయిదు కిలోలకు 100 రూపాయలు, పన్నులు అదనం. మంచిదే. కానీ మధ్యలో నాలుగు నెలలకు పైగా ఏ ప్రత్యామ్నాయమూ లేదు. ఒక ఉదయం కౌంటర్ దగ్గరికి వెళ్లాక గానీ సేవ లేదని తెలియకపోవడమే నన్ను కలవరపెడుతోంది. అంత కీలకమైన సదుపాయాన్ని ఒక ఉత్తర్వుతో ఆపగలిగారు, ఇంకో ఉత్తర్వుతో మరో రూపంలో తేగలిగారు. ఏ చట్టమూ అడ్డురాలేదు.

తపాలాకూ తెలుగు సాహిత్యానికీ ఉన్న బంధం పుస్తకాల చేరవేతతో ఆగదు. గురజాడ ఆలోచనలు ఎలా మారుతూ వచ్చాయో తెలుసుకోవాలంటే ఆయన డైరీలతో పాటు ఉత్తరాలే ఆధారం. తుమ్మపూడి అనే పల్లెటూళ్లో ఉంటూనే సంజీవదేవ్ రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్‌తో సహా దేశవిదేశాల కళాకారులతో స్నేహం చేయగలిగారంటే ఆ ఊరి పోస్టాఫీసుకు అందులో వాటా ఉంది. సూరి నాగమ్మ రమణాశ్రమంలో తాను చూసినవీ విన్నవీ అన్నగారికి 1945 నుంచి ఉత్తరాలుగా రాస్తూ పోయారు. అవే తర్వాత రమణాశ్రమ లేఖలై తెలుగు వచనంలో ఒక చక్కని గ్రంథంగా నిలిచాయి. పెద్ద చదువులు లేని ఒక వితంతువు రచయిత్రి కావడానికి సంపాదకుడి అనుమతి అవసరం పడలేదు, చదివే అన్న ఒకడుంటే సరిపోయింది. ఇవాళ్టి రచయితల వాట్సాప్ సంభాషణలు రేపటి పరిశోధకుడికి దొరుకుతాయా? ఫోను పాడైతే, ఖాతా మూసేస్తే అవీ పోతాయి. విశ్వవిద్యాలయాలు, అకాడమీలు రచయితల ఈమెయిళ్లనూ సందేశాలనూ వాళ్ల అనుమతితో భద్రపరిచే పని ఇప్పుడే మొదలుపెట్టకపోతే 2010 తర్వాతి తెలుగు సాహిత్య చరిత్రకు వెనుక గది లేకుండా పోతుంది. ఇది తపాలా శాఖ చేయాల్సిన పని కాదు. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

మళ్లీ ఊరి పోస్టాఫీసు దగ్గరికి వద్దాం. దేశంలో దాదాపు 1,64,000 పోస్టాఫీసులున్నాయి. వాటిలో తొంభై శాతం గ్రామాల్లోనే. వాటిని నడిపేది ఎక్కువగా గ్రామీణ డాక్ సేవకులు. బ్రాంచి పోస్టుమాస్టరుకు నాలుగు గంటల పనికి మొదటి జీతం 12,000 రూపాయలు, సహాయకుడికి 10,000, వాటి మీద కరువు భత్యం. శాఖ రెగ్యులర్ ఉద్యోగి హోదా లేదు. ఆఫీసుకు చోటు కూడా పోస్టుమాస్టరే చూసుకోవాలి. అందుకే చాలా ఊళ్లలో పోస్టాఫీసు అంటే ఆయన ఇంటి ముందు గదే. ఉత్తరాలు తగ్గాయి గనుక ఆయనకు పని తగ్గిందనుకుంటే పొరపాటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి డబ్బులు ఎక్కువగా పోస్టాఫీసుల ద్వారా పంచారు. తెలంగాణలో ఆసరా పింఛన్లు వేలిముద్ర తీసుకుని ఇచ్చింది ఆయనే. 2018 సెప్టెంబరులో ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు వచ్చాక ఇంటి దగ్గరే డబ్బు తీసి ఇవ్వడం, పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రాలు, సుకన్య సమృద్ధి ఖాతాలు, బీమా పాలసీలు అన్నీ ఆయన నెత్తినే. వీటికి లక్ష్యాలుంటాయి, నెలనెలా సమీక్షలుంటాయి. ఒక ఉత్తరం రెండు రోజులు ఆలస్యమైతే అడిగేవాళ్లు తక్కువ. ఖాతాల లక్ష్యం తప్పితే ఆ రోజే ఫోను వస్తుంది. దేన్ని లెక్కిస్తామో పని అటే మొగ్గుతుంది. ఊళ్లలో బట్వాడా పలచబడటానికి ఇది ఒక పెద్ద కారణం.

ఈ వ్యవస్థ విలువ ప్రభుత్వానికి తెలియక కాదు. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి లక్షన్నర గ్రామీణ పోస్టాఫీసులనూ, 2.4 లక్షల డాక్ సేవకులనూ ప్రస్తావించి తపాలా శాఖను పెద్ద ప్రభుత్వ లాజిస్టిక్స్ సంస్థగా మారుస్తామన్నారు. అదే ఏడాది మే నెలలో డిజిపిన్ వచ్చింది. దేశాన్నంతా నాలుగు మీటర్ల గడులుగా విడగొట్టి ఒక్కో గడికి పది అక్షరాంకెల చిరునామా ఇచ్చే పద్ధతి ఇది. తయారీలో హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికీ, ఐఐటీ హైదరాబాద్‌కూ భాగముంది. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ ప్రవేశపెట్టినప్పుడు తెలుగు నేలకూ, కర్ణాటకకూ మొదటి అంకెగా 5 వచ్చింది. అప్పుడు ఆ పద్ధతి ఉత్తరాల కోసం పుట్టింది. ఇప్పటిది ఎక్కువగా పార్సిళ్ల కోసం, అంబులెన్సుల కోసం. తండాలో, గూడెంలో ఇంటి నంబరు సరిగా లేని మనిషికి ఒక కచ్చితమైన చిరునామా దక్కడాన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను.

కానీ లాజిస్టిక్స్ సంస్థ లెక్క వేరు. రాబడి ఎక్కడుంటే బండి అక్కడికి వెళ్తుంది. ప్రైవేటు కొరియర్ వాళ్లు కొన్ని పిన్ కోడ్‌లకు సేవ లేదని ముందే చెప్పేస్తారు, వాళ్లను తప్పుపట్టలేం. పాడేరు కొండల మీదికైనా, నల్లమల చెంచుపెంటకైనా అదే ధరకు తీసుకెళ్లాలన్న నియమం తపాలాకు ఒక్కదానికే ఉంటూ వచ్చింది. నూట డెబ్బై ఏళ్లుగా అది అలవాటుగా నడిచింది. 1854లో దేశమంతటికీ ఒకే స్టాంపు ధర పెట్టినప్పటి నుంచి దూరాన్ని బట్టి ఉత్తరానికి డబ్బు కట్టే పద్ధతి పోయింది. అలవాటును చట్టంగా రాసుకోవాల్సిన సమయంలో మనం దానికి వ్యతిరేక దిశలో నడిచాం.

2023 పోస్టాఫీసు చట్టం 2024 జూన్ 18న అమల్లోకి వచ్చింది. 1898 నాటి చట్టాన్ని రద్దు చేసింది. పాత చట్టంలో ఉత్తరాలు చేరవేసే ప్రత్యేక హక్కు ప్రభుత్వానిదే. కొరియర్ సంస్థలు దశాబ్దాలుగా ఉత్తరాలను పత్రాలని పిలుస్తూ ఆ నిబంధనను దాటుకుంటూ వచ్చాయి. కొత్త చట్టం ఆ ప్రత్యేక హక్కును తీసేసింది, అందులో తప్పేమీ లేదు. ప్రత్యేక హక్కు పోయినప్పుడు దానితో ముడిపడ్డ బాధ్యతను విడిగా రాయాలి. అది రాయలేదు. కేంద్రం నిబంధనల్లో పేర్కొన్న సేవలను పోస్టాఫీసు అందిస్తుందని మాత్రం ఉంది. వారానికి ఎన్ని రోజులు బట్వాడా ఉండాలి, ఎంత దూరంలో పోస్టాఫీసు ఉండాలి, ఎన్ని రోజుల్లో ఉత్తరం చేరాలి, చేరకపోతే ఎవరు జవాబు చెప్పాలి అన్నవి చట్టంలో లేవు. ఉత్తరాన్ని విప్పి చూసే అధికారం మాత్రం భద్రంగా కొనసాగింది. శాఖ పనితీరును బయటినుంచి చూసే స్వతంత్ర నియంత్రణ సంస్థ కూడా మనకు లేదు.

బ్రిటన్‌లో ఉంది. అక్కడ రాయల్ మెయిల్ ప్రైవేటు పరమైంది, ఉత్తరాలు మనకంటే వేగంగా తగ్గాయి. 2025లో ఆఫ్‌కామ్ అనే ఆ నియంత్రణ సంస్థ కొంత సడలింపు ఇచ్చి సెకండ్ క్లాస్ ఉత్తరాలను రోజు విడిచి రోజు పంచుకోవచ్చంది. ఆ నిర్ణయానికి ముందు ప్రజల అభిప్రాయాలు తీసుకుంది, కారణాలు ప్రచురించింది. అదే ఏడాది అక్టోబరులో బట్వాడా గడువులు తప్పినందుకు రాయల్ మెయిల్‌కు 2 కోట్ల 10 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. గడువు చట్టబద్ధంగా రాసి ఉంది కనుకే జరిమానా సాధ్యమైంది. మన పల్లెలో నోటీసు అందక ఇల్లు వేలానికి వెళ్లిన మనిషి ఏ గడువు తప్పిందని ఎవరిని అడగాలి?

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1869 నుంచి 1950 దాకా నిజాం రాజ్యానికి సొంత తపాలా ఉండేది. 1871 నాటి స్టాంపు మీదే ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు తెలుగులోనూ విలువ ముద్రించారు. రాచరికంలో సైతం ఉత్తరం వేసే రైతుకు తాను ఎంత కడుతున్నాడో తన లిపిలో కనిపించింది. ఇవాళ స్పీడ్ పోస్టు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే సందేశం ఫోనుకు ఇంగ్లీషులో వస్తుంది. కంప్యూటర్ వ్యవస్థను కొత్తగా మార్చినప్పుడు ఈ లోటును సరిదిద్దడం కష్టమేమీ కాదు, డబ్బుతో కూడిన పని అంతకన్నా కాదు.

కొత్త చట్టం కింద నిబంధనలు మార్చే అధికారం కేంద్రానికి ఎప్పుడూ ఉంది. చట్టంలో రాయని ఆ బాధ్యతను రాసుకోవడానికి చట్ట సవరణ దాకా వెళ్లనక్కర్లేదు. ప్రతి గ్రామానికి వారంలో కనీసం ఇన్ని రోజులు బట్వాడా ఉంటుందని, సేవను ఆపాలన్నా కలపాలన్నా ఆరు నెలల ముందు ముసాయిదా ప్రచురించి అభిప్రాయాలు తీసుకుంటామని, ప్రభుత్వ నోటీసుల్లో ఆస్తి, పింఛను, రేషన్, పౌరసత్వం వంటి వాటిని ఎస్సెమ్మెస్‌తో సరిపెట్టకుండా కాగితం మీద కూడా పంపుతామని ఆ నిబంధనల్లో రాయవచ్చు. దానికయ్యే ఖర్చును శాఖ నష్టంగా చూపకుండా, ఆయా ప్రభుత్వ విభాగాల నుంచి వసూలు చేయవచ్చు. నోటీసు పంపే విభాగం దాని ఖర్చు భరించడం న్యాయం. డాక్ సేవకుడి పనిని లెక్కించే సమీక్షల్లో ఖాతాల పక్కన బట్వాడా గడువుకూ ఒక గడి పెట్టవచ్చు. తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో అడగాల్సిన ప్రశ్నలు ఇవి. రిజిస్టర్డ్ పోస్టు కలిపివేత తర్వాత అర్జీలు, నోటీసులు ఏ మేరకు తగ్గాయో, ఏ జిల్లాల్లో తగ్గాయో లెక్క బయటపెట్టమని మొదట అడగాలి. ఆ లెక్క తపాలా శాఖ కంప్యూటర్లలో ఇప్పటికే ఉంది.